తంతిమాటకు తాళము నేర్పిన ఎమిల్ బోడో

ఎల్లారెడ్డికి అనతిదూరమున మంజీరా నదిపై కట్టబడి 1931లో పూర్తియైన నిజాంసాగరు జలాశయమును ఎరుగనివారు ఈ ప్రాంతమున అరుదు. కాలువ నీటితో సేద్యము చేయువారికి వంతు అను మాట క్రొత్తది కాదు. కాలువ యొక్కటే, పొలములు పెక్కు. ఒకరి తూము మూసిన పిదపనే మరియొకరి తూము తెరువవలెను. వంతు రాకముందే తెరచినవాడు పొరుగువాని నీటిని హరించినవాడగును. వంతు వచ్చినను మేలుకొననివాని నీరు పల్లమునకు పోవును. మడి పట్టగలదానికంటె హెచ్చు నీరు వదలినచో గట్టు తెగును. మూడు విధములను నష్టమే.

తీగమీద నడచు మాటకును ఈ న్యాయమే వర్తించును. పంపువాడు తొందరపడినను, అందుకొనువాడు ఏమరినను, ఇరువురి వేగము సరిపడకున్నను, నడుమ అక్షరము జారిపోవును. ఈ సంగతిని బాగుగా గ్రహించి, వంతును యంత్రములో నిలిపి, ఒక్క తీగమీద నలుగురి మాటలను కలగాపులగము కాకుండ నడపినవాడు ఎమిల్ బోడో. నేడు కంప్యూటరు సీరియల్ పోర్టు వేగమును చెప్పునప్పుడు వాడు బాడ్ అను ప్రమాణము ఆ మహాశయుని పేరునుండి పుట్టినదే. దినమును ఆ పేరు పలుకువారిలో అది ఒక మనుష్యుని పేరని ఎరిగినవారు కొలదిమందియే. కావున ఆతని చరిత్రమును మన విద్యార్థులకు సంగ్రహముగా తెలుపుచున్నాను.

జననము – బాల్యము

జాఁ మోరిస్ ఎమిల్ బోడో 1845వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన ఫ్రాన్సు దేశమున ఓత్ మార్న్ మండలములోని మాన్యో అను పల్లెయందు జన్మించెను. తండ్రి కృషీవలుడు. బోడో చదివిన చదువంతయు ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలోని చదువే. ఆ పిదప ఉన్నత పాఠశాల గాని, కళాశాల గాని ఆతడు చూచియెరుగడు. యౌవనము వచ్చువరకు తండ్రితో కూడ పొలములో పని చేయుచుండెను. ఇరువది నాలుగేండ్లు నిండవచ్చు ప్రాయమున, 1869లో, ఫ్రెంచి తపాలా తంతిశాఖలో పని నేర్చుకొను చిన్న ఉద్యోగిగా చేరెను.

అక్కడ ఆతనికి రెండు విధములైన యంత్రములతో పరిచయము కలిగెను. మొదటిది మోర్సు యంత్రము. ఇందు చుక్కలు, గీతలు కలిపి అక్షరములను తెలుపుదురు. రెండవది హ్యూస్ యంత్రము. ఇందు పియానోవలె మీటలుండును. ఆవలి కొననున్న యంత్రము అక్షరములను కాగితముపై అచ్చొత్తును. 1870లో ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము సంభవింపగా బోడో కొంతకాలము సైన్యమున పనిచేసి, 1872లో పారిసు నగరమునకు తిరిగివచ్చి తన ఉద్యోగమున ప్రవేశించెను.

తీగ ఊరక నుండుట

ఆ కాలమున తంతితీగ మిక్కిలి వెలగల వస్తువు. కోసులకొలది స్తంభములు నాటవలెను, తీగ లాగవలెను, గాలివానలకు తెగినప్పుడెల్ల బాగుచేయవలెను. ఇంత వ్యయపడి వేసిన తీగ దినములో అధికభాగము ఊరకనే యుండుట బోడో కంటబడెను. కారణమేమనగా విద్యుత్తు వేగముతో పోల్చినచో మనుష్యుని చేయి మిక్కిలి మందము. గుమాస్తా ఒక మీట నొక్కి మరియొక మీట వెదకులోపల తీగ ఏ పనియు లేక వేచియుండును. ఆ ఖాళీలో మరి ముగ్గురు గుమాస్తాలు తమ వార్తలు పంపుకొనవచ్చును గదా! అయితే ఒక్క తీగలో నలుగురు మాటలాడినచో ఎవరి అక్షరము ఎవరికి చేరవలెను?

అంతకుమునుపే మేయర్ అను నతడు మోర్సు సంకేతములతోనే కాలమును వంతులుగా పంచుటకు ఒక యంత్రము చేసియుండెను. కాని మోర్సు సంకేతములలో ఒక చిక్కు కలదు. అక్షరములన్నియు సమానమైన పొడవు గలవి కావు. ఒక అక్షరము ఒక్క చుక్కతో తీరును. మరియొకదానికి చుక్కలును గీతలును కలిసి నాలుగు కావలెను. వంతులు సమానములు, అక్షరములు అసమానములు. అందుచేత పొట్టి అక్షరమునకు ఇచ్చిన కాలము వ్యర్థమగుచుండెను. పొడుగు అక్షరమునకు ఆ కాలము ఇరుకగుచుండెను.

ఐదు మీటలు

పై అధికారులు బోడోను ప్రోత్సహించిరి గాని పరిశోధన యంతయు ఆతడు తన తీరిక వేళలలోనే చేసికొనవలసియుండెను. పగలు ఉద్యోగము, మిగిలిన కాలమున యంత్రము. ఈ విధముగ పాటుపడి 1874 జూన్ నెలలో ఆతడు తన పద్ధతికి పేటెంటు హక్కు పొందెను.

ఆతడు కనుగొన్న ఉపాయమును మన విద్యార్థులు వ్రేళ్ళమీద గ్రహింపవచ్చును. ఒక చేతికి ఐదు వ్రేళ్ళు. ఒక్కొక్క వ్రేలు ముడిచి యుండవచ్చును, లేక చాచి యుండవచ్చును. ఒక వ్రేలికి రెండు స్థితులు, రెండు వ్రేళ్ళకు నాలుగు, మూటికి ఎనిమిది, నాలుగింటికి పదునారు, ఐదింటికి ముప్పదిరెండు. రోమను లిపిలో అక్షరములు ఇరువదియారు మాత్రమే. కావున ప్రతి అక్షరమునకును ఐదు సంకేతములతో కూడిన ఒక్కొక్క గుర్తు ఏర్పరచినను కొన్ని మిగులును. ప్రతి అక్షరమునకును సరిగా ఐదే సంకేతములు, ప్రతి సంకేతమునకును సరిసమానమైన కాలము. ఈ సమానత్వమే బోడో పద్ధతికి పునాది.

గుమాస్తా ముందర ఐదే మీటలుండును. ఎడమచేతి క్రింద రెండు, కుడిచేతి క్రింద మూడు. ఆ అక్షరమునకు కావలసిన మీటలను ఒక్కసారిగా నొక్కవలెను. మీటలనుండి వచ్చు సంకేతములను తీగకు అందించుటకు ఒక పంపకపు చక్రము కలదు. దానిపై లోహపు కుంచె నిముసమునకు నూటయెనుబది సార్లు తిరుగుచుండును. ఆ వలయము నలుగురికి నాలుగు భాగములుగా పంచబడియుండును. కుంచె మొదటివాని భాగముమీదుగా పోవునప్పుడు వాని ఐదు సంకేతములు వరుసగా తీగలో ప్రవేశించును, పిదప రెండవవానివి, పిదప మూడవవానివి, పిదప నాలుగవవానివి. ఆవలి ఊరిలో ఇట్టి చక్రమే ఇదే వేగముతో తిరుగుచు ఎవరి అక్షరమును వారి యంత్రమునకు అందించును. ఒక్కొక్కరు నిముసమునకు సుమారు ముప్పది మాటలు పంపగలిగినచో నలుగురును కలిసి నూటయిరువది మాటలు పంపుదురు. తీగ మాత్రము ఒక్కటే.

అక్షరము జారిపోకుండ చేసిన కట్టుబాట్లు

పైన చెప్పినదంతయు వినుటకు సులభమే. కాని ఒక్కొక్క సంకేతమునకు దొరకు కాలము సెకనులో అరువదవ వంతు కంటె తక్కువ. రెండు ఊళ్ళలోని చక్రములు వెండ్రుకవాసి తేడా పడినను మొదటివాని అక్షరము రెండవవానికి చేరును. దీనిని నివారించుటకు బోడో ఒక మార్గము కనిపెట్టెను. అందుకొను చక్రమును కావలెనని కొంచెము వేగముగా తిరుగునట్లు అమర్చి, పంపు చక్రమునుండి వచ్చు ప్రత్యేకమైన దిద్దుబాటు సంకేతముచేత దానిని మాటిమాటికి ఇంచుక వెనుకకు పట్టుచుండెను. ముందునకు పోవు గుఱ్ఱమును కళ్లెముతో అదుపులో నుంచినట్లు, రెండు చక్రములు ఈ విధముగ ఏకకాలమున నడచుచుండెను.

రెండవ అపాయము మనుష్యునివలన కలుగునది. గుమాస్తా మొదటి అక్షరము తీగకు ఎక్కకముందే రెండవ అక్షరము నొక్కినచో మొదటిది నశించును. ఇందుకుగాను బోడో ఏర్పరచిన కట్టుబాటు మిక్కిలి చక్కనిది. నొక్కిన మీటలు నొక్కినట్లే బిగిసిపోవును. కుంచె వాని వంతు దాటిన తరువాతనే ఆ బిగువు వదలును. వదలునప్పుడు టిక్కుమను చప్పుడు వినబడును. ఆ చప్పుడే గుమాస్తాకు అనుజ్ఞ. విన్నపిదప తరువాతి అక్షరము నొక్కవలెను. అంతకుముందు నొక్కుటకు వీలులేదు. సెకనుకు మూడు మారులు ఈ చప్పుడు వినబడుచుండును. గాయకుడు తాళమునకు కట్టుబడినట్లు గుమాస్తా దానికి కట్టుబడి నడువవలెను. తాళము తప్పినవాడు తన వంతును వ్యర్థము చేసికొనును. ఈ పని నేర్చుటకు చాల అభ్యాసము కావలసియుండెను.

ఇంత చేసినను ఈ పద్ధతిలో ఒక లోపము మిగిలెను. దానిని దాచుట న్యాయము కాదు. ముప్పదిరెండు గుర్తులు అక్షరములకు చాలును గాని అంకెలకు చాలవు. అందుచేత ఇకమీద వచ్చునవి అంకెలని తెలుపుటకు ఒక గుర్తు, అక్షరములని తెలుపుటకు ఒక గుర్తు ఏర్పరచబడెను. ఆ ఒక్క గుర్తు దారిలో పోయినచో అటు తరువాత వచ్చు అంకెలన్నియు అక్షరములై అచ్చుపడును. అంతేకాక, దాదాపు ప్రతి గుర్తునకును ఏదో ఒక అర్థముండుటచేత, ఐదు సంకేతములలో ఒకటి చెడినచో యంత్రము తప్పును పసికట్టలేక మరియొక అక్షరమును నిస్సంకోచముగా అచ్చొత్తును. అందుచేతనే తంతి కార్యాలయములలో వార్త ముగిసిన పిదప అందలి అంకెలను మరల ఒకసారి పంపి సరిచూచుకొను ఆచారము నెలకొనియుండెను. పది రూపాయలు నూరు రూపాయలైనను, మూడవ తేదీ ఎనిమిదవ తేదీయైనను ఒక కుటుంబమునకు కలుగు చిక్కు ఇంతింత కాదుగదా.

కీర్తియు, కష్టములును

1877 నవంబరులో పారిసు, బోర్దో నగరముల నడుమ ఈ యంత్రమును పరీక్షించిరి. ఆ సంవత్సరాంతమునకు పారిసునుండి రోమునకు పోవు తీగమీదను ఇది పనిచేయుచుండెను. 1878లో పారిసున జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనమున ఆతనికి స్వర్ణపతకము లభించెను. ప్రాథమిక పాఠశాల చదువుతో వచ్చిన కర్షకపుత్రుని పేరు దేశదేశములకు తెలిసెను.

కీర్తితోపాటు కలహమును వచ్చెను. అదే శాఖలో పనిచేసిన మిమో అనునతడు ఈ సంకేతములను మొదట తానే కనిపెట్టితినని 1877లో వ్యాజ్యము వేసెను. న్యాయస్థానము మొదట కొంతవరకు మిమో పక్షమున తీర్పు చెప్పెను గాని తరువాత ఆ తీర్పు రద్దయి, ఖర్చులన్నియు అతడే చెల్లింపవలసివచ్చెను. మిమో మనస్సు చెదరిపోయెను. తన కోరికలను నిరాకరించిన సంఘమునకు పెద్దయగు రేనో అను పండితుని అతడు తుపాకితో కాల్చి చంపి, కఠినశిక్ష పొందెను. ఒకే తలంపు ఇరువురకు తోచుట లోకమున కలదు. మిమో తొలుత పడిన పాటు వట్టిది కాదు. కాని కోపము ఒక నిండు ప్రాణమును, తన జీవితమును కూడ బలిగొన్నది.

బోడో దేహస్థితియు మంచిది కాదు. ఉద్యోగమున చేరిన కొలదికాలమునకే అనారోగ్యము పట్టుకొనెను. తరచుగా దీర్ఘకాలము సెలవులో నుండవలసి వచ్చుచుండెను. 1890 జనవరిలో వివాహము చేసికొనెను. మూడు నెలలైనను నిండకముందే, ఏప్రిలు మాసమున, భార్య పరలోకగతురాలయ్యెను. ఇట్టి దుఃఖమునందును ఆతడు తన యంత్రమును విడువలేదు. 1903 మార్చి 28వ తేదీన పారిసు సమీపమునగల సో అను ఊరిలో, ఏబదియేడేండ్ల ప్రాయమున మృతినొందెను.

అప్పటికి ఆతని పద్ధతి ఫ్రాన్సు దేశమంతట వ్యాపించెను. ఇటలీ 1887లోను, హాలెండు 1895లోను దానిని అవలంబించెను. 1897లో లండనుకును పారిసుకును నడుమ అది నడచెను. ఆతడు పోయిన తరువాత రష్యా, స్పెయిను, బెల్జియము మొదలైన దేశములును చేరెను.

బోడో వారసత్వము

1901లో న్యూజీలాండు దేశీయుడగు డోనాల్డ్ మరే ఐదు సంకేతముల పద్ధతిని సంస్కరించి, తరచుగా వచ్చు అక్షరములకు కాగితపు పట్టెడమీద తక్కువ రంధ్రములు పడునట్లు చేసెను. గుమాస్తా తాళమునకు కట్టుబడవలసిన శ్రమ దీనితో తగ్గెను. అటు పిమ్మట అమెరికాలో క్రమ్ అను తండ్రీకొడుకులు ప్రతి అక్షరమునకు ముందు ఆరంభ సంకేతమును, వెనుక విరామ సంకేతమును చేర్చిరి. దీనివలన రెండు చక్రములు ఎడతెగక కలిసి తిరుగవలసిన పని లేకపోయెను. 1926లో తంతివేగమును కొలుచు ప్రమాణమునకు బోడో గౌరవార్థము బాడ్ అను పేరు పెట్టబడెను. మన దేశమున తంతివార్తలు 2013 జులైలో ఆగిపోయినవి. ఆ పేరు మాత్రము ఆగలేదు.

కంప్యూటరు సీరియల్ పోర్టు ఈ వంశములోనిదే. 1960లో ఏర్పడిన ఆర్ఎస్-232 అను నియమము ననుసరించి అది అక్షరములను ఒక్కొక్క బిట్టుగా వరుసలో పంపును. ముందు ఆరంభ బిట్టు, పిదప సాధారణముగా ఎనిమిది బిట్లు, చివర విరామ బిట్టు, మొత్తము పది. 9600 బాడ్ వేగమున సెకనుకు 960 అక్షరములు వచ్చును. అనగా సెకనులో వెయ్యవ వంతుకు దాదాపు ఒక అక్షరము. 1981 నాటి ఐబీఎం పీసీలోని సీరియల్ పోర్టు చిప్పు వచ్చిన అక్షరమును ఒక్కదానిని మాత్రమే నిలువచేసికొనగలిగెడిది. కంప్యూటరు మరియొక పనిలో మునిగి, ఆ అక్షరమును సకాలమున తీసికొననిచో తరువాతి అక్షరము వచ్చి దానిని తుడిచివేయును. గిన్నె తీయకముందే మరల పాలు పోసినట్లగును. పిదప వచ్చిన చిప్పులలో పదునారు అక్షరములు పట్టు నిలువస్థలము కల్పించిరి. అయినను ఎంత పెద్ద గిన్నెయైనను ఎడతెగక పోసినచో పొరలకమానదు.

మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు రైతులకు ధర్మకాంట పరిచితమే. వడ్ల బండి తూకమును చూపు పెట్టెనుండి కంప్యూటరునకు అంకెలు సీరియల్ తీగ ద్వారా చేరు ఏర్పాటు పెక్కుచోట్ల కలదు. 12,450 కిలోలలో చివరి సున్న జారినచో 1,245 అగును. మొదటి అంకె జారినచో 2,450 అగును. రెండును చూచుటకు నిజమైన అంకెలవలెనే యుండును. రైతు ఒక ఏటి కష్టము అందులో నున్నది.

దీనికి నివారణలు పెద్దవి కావు, పాతవే. మొదట, రెండు కొనలయందును బాడ్ వేగమును, బిట్ల లెక్కను ఒకే విధముగ అమర్చవలెను; ఇది బోడో జంట చక్రముల నియమము. రెండవది, అందుకొనువాడు సిద్ధమని ప్రత్యేక తీగ ద్వారా తెలిపిన పిదపనే పంపువాడు పంపవలెను. ఆ తీగ లేనిచో ఆగుము, పంపుము అను రెండు సంకేతములను వెనుకకు పంపి వేగమును అదుపుచేయవచ్చును. ఇది బోడో మీటల టిక్కుమను చప్పుడే. మూడవది, ప్రతి అక్షరమునకు సరి బేసి బిట్టును, వార్త చివర అంకెల మొత్తమును చేర్చి, సరిపడనిచో మరల పంపుమని అడుగవలెను. ఇది తంతి గుమాస్తాలు అంకెలను మరల పంపిన ఆచారమే. నాలుగవది, తీగను అవసరమునకు మించి పొడుగుగా లాగరాదు. ఈ నియమము క్రింద తీగ సుమారు ఏబది అడుగులకు లోబడి యుండుట మేలని పెద్దలు చెప్పుదురు. అన్నిటికిని మించి, తూకపు పెట్టెమీది అంకెను రసీదుమీది అంకెతో కంటితో ఒకసారి పోల్చుకొనవలెను.

విద్యార్థులారా! బోడో చరిత్రమునుండి మనము గ్రహింపదగినది పేదరికమునుండి పైకివచ్చుట మాత్రమే కాదు. వేగము కావలెనని అందరును కోరుచుండిరి. ఆతడు వేగమును సాధించినది తొందరచేత కాదు, వంతుచేత. పంపువాడు అందుకొనువానికొరకు ఒక నిమేషము ఆగుట నేర్పి, ఆ ఆగుటవలననే నాలుగింతల పని నెరవేర్చెను. తరగతిలో ఉపాధ్యాయుడు చెప్పు లెక్క పూర్తిగా విని వ్రాయువాని పలకయు, సగము విని పరుగెత్తువాని పలకయు ప్రక్క ప్రక్కన పెట్టి చూడుడు. ఏ అంకె ఎక్కడ జారినదో మీకే తెలియగలదు.